విజ్డమ్ టూత్ తీయించుకునేటప్పుడు మత్తు ఏది తీసుకోవాలి? లోకల్, గ్యాస్, టాబ్లెట్, ఐవీ, జనరల్ మధ్య ఎంపిక

విజ్డమ్ టూత్, అంటే జ్ఞానదంతం, తీసేయాలి అని డాక్టర్ అనగానే మనవాళ్ళు మొదట అడిగేది నొప్పి పుడుతుందా అని, తర్వాత ఎంతవుతుంది అని. మత్తు ఏది ఇస్తారు, ఎవరిస్తారు, ఇచ్చాక నన్ను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అని అడిగేవాళ్ళు చాలా తక్కువ, నిజానికి ముందు అడగాల్సినవి ఇవే. నేను బీడీఎస్ చదివింది మన దగ్గర, ఇప్పుడు అమెరికాలో ఒక ఓరల్ సర్జన్ దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్నా, కాబట్టి రెండు పద్ధతులూ కుర్చీ పక్కన నిలబడి చూశాను. మన ఊళ్ళల్లో అదే పన్ను లోకల్ ఇంజెక్షన్‌తో తీసేసి, నోట్లో దూది గుడ్డ పెట్టి, నడిపించి ఇంటికి పంపిస్తారు, ఇక్కడేమో 18 ఏళ్ళ పిల్లలకి చేతికి ఐవీ (రక్తనాళంలోకి మందు ఎక్కించే సూది) పెట్టి నిద్రపుచ్చి నాలుగు పళ్ళూ ఒకేసారి తీసేస్తారు. అక్కడివాళ్ళు ఇదంతా డబ్బులకోసం అంటారు, ఇక్కడివాళ్ళు మెలకువగా ఉండగా తీయించుకోవడం ఏంటి బాబోయ్ అంటారు. రెండూ తొందరపాటు మాటలే. ఏ మత్తు అనేది మూడింటి మీద ఆధారపడుతుంది: పన్ను ఎంత కష్టంగా కూర్చుంది, మనిషికి భయం ఎంత, ఒంట్లో వేరే సమస్యలు ఏమున్నాయి.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి ఎందుకంటే దీని దగ్గరే అందరూ కన్‌ఫ్యూజ్ అవుతారు. నొప్పి తీసేది వేరు, భయం తీసేది వేరు. నొప్పి తెలియకుండా చేసేది చిగుళ్ళలో ఇచ్చే లోకల్ ఇంజెక్షన్. గ్యాస్, టాబ్లెట్, ఐవీ ఇవన్నీ ఎక్కువగా భయం మీద, మెలకువ మీద, జ్ఞాపకం మీద పనిచేస్తాయి. అందుకే ఐవీ ఇచ్చినా, ఆఖరికి ఫుల్ ఎనస్థీషియా ఇచ్చినా కూడా చిగుళ్ళలో లోకల్ మామూలుగా ఇస్తారు, లేచాక కొన్ని గంటలు నొప్పి లేకుండా ఉండేది దాని వల్లే. సెడేషన్ (భయం తెలియకుండా మగతలో ఉంచే మత్తు) తీసుకుంటే తర్వాత నొప్పి, వాపు తక్కువుంటాయి అనుకుని డబ్బులు కడుతున్నవాళ్ళని చూస్తే బాధేస్తుంది, మూడో రోజు వాపు ఎంతుంటుందనేది ఎముక ఎంత తీశారు, ఎంతసేపు పట్టింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంకోటి, అసలు తీయాలా అనేది కూడా అడగండి. ఏ ఇబ్బందీ పెట్టని, జబ్బు లేని విజ్డమ్ టూత్‌ని ముందు జాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ 2000లోనే చెప్పింది. అమెరికాలో చిన్న వయసులోనే తీసేయడం వైపు మొగ్గు ఎక్కువ. చిగురు మాటిమాటికీ వాచడం, పక్క పన్ను పుచ్చిపోవడం, సిస్ట్ (నీటి తిత్తి) లాంటివి ఉంటే మాత్రం సందేహం అక్కర్లేదు. ఓపీజీ ఎక్స్‌రే (పళ్ళు, దవడ మొత్తం ఒకేసారి కనిపించేది) చేతిలో పెట్టుకుని మాట్లాడండి, అందులో పన్ను నిటారుగా ఉందా, ముందుకి వాలిందా, పూర్తిగా పడుకుందా, వేర్లు దవడ నరానికి ఎంత దగ్గరగా ఉన్నాయి అనేది చూపించమనండి. మత్తు గురించి మాట్లాడేది ఆ ఎక్స్‌రే చూశాకే.

ఇక లోకల్. మన దగ్గర సాధారణంగా 2% లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే మందు, అందులో 1:80,000 అడ్రినలిన్ కలిపి ఉంటుంది. పై పన్నుకి అయితే ఎముక పలచగా ఉంటుంది కాబట్టి పన్ను పక్కనే ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది. కింది పన్నుకి అలా కుదరదు, దవడ ఎముక గట్టిది, అందుకే నోరు బాగా తెరిపించి వెనక్కి వెళ్ళి నరం దవడలోకి దూరే చోటు దగ్గరే మందు వదులుతారు. రెండు మూడు నిమిషాలకి కింది పెదవి సగం లావైపోయినట్టు అనిపిస్తుంది, చేత్తో ముట్టుకుంటే ఎవరిదో పెదవి ముట్టుకున్నట్టు ఉంటుంది, నాలుక ఆ పక్క తిమ్మిరెక్కుతుంది. పెదవి మొద్దుబారకుండా మొదలుపెడుతున్నారనిపిస్తే చెయ్యెత్తి ఆపించండి, ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు, అందులో మొహమాటం అస్సలు వద్దు. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే గుండె దడదడలాడితే అది చాలాసార్లు ఆ అడ్రినలిన్ వల్ల వచ్చేదే, ఒకట్రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది, నాకు మత్తు మందు ఎలర్జీ అని జీవితాంతం చెప్పుకుని తిరిగే చాలామందికి జరిగింది ఇదే. నిజమైన ఎలర్జీ లిగ్నోకెయిన్‌కి చాలా అరుదు, అయినా అనుమానం ఉంటే డాక్టర్‌కి చెప్పి తేల్చుకోండి.

లోకల్‌లో తెలియనిది నొప్పి మాత్రమే, మిగతావన్నీ తెలుస్తాయి. డ్రిల్లు శబ్దం ఎముకలోంచి నేరుగా చెవిలోకి వస్తుంది, పన్నుని కదిలించేటప్పుడు దవడ మీద గట్టిగా నొక్కుతున్నట్టు ఉంటుంది, ఒక్కోసారి పన్నుని ముక్కలు చేసి తీస్తారు అప్పుడు పటుక్కున చప్పుడు వస్తుంది. ఇది ముందే తెలిసి కూర్చున్నవాళ్ళు బాగానే తట్టుకుంటారు, ఏమీ తెలియదు అని చెప్పి కూర్చోబెట్టినవాళ్ళు మొదటి నొక్కుడికే అదిరిపోతారు, ఆ తర్వాత వాళ్ళని శాంతపరచడం కష్టం. అందుకే పేషెంటుకి ఇది వివరంగా చెప్పని డాక్టర్ అంటే నాకు కోపం. చీము పట్టి బాగా వాచి ఉన్నప్పుడు మాత్రం లోకల్ సరిగ్గా ఎక్కదు, ఇన్ఫెక్షన్ ఉన్న చోట ఆమ్ల గుణం పెరిగి మందు నరంలోకి దూరలేదు, అలాంటప్పుడు ముందు ఇన్ఫెక్షన్ తగ్గించి తీయడం చాలా కేసుల్లో మంచిది.

నాలుగూ ఒకేసారి లోకల్‌లో తీయొచ్చా అని అడుగుతారు. మందు మోతాదు పరంగా కుదురుతుంది, అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ ఒంటి బరువు కిలోకి 7 మిల్లీగ్రాముల దాకా, మొత్తం 500 మించకుండా ఇవ్వొచ్చు, అంటే 60 కిలోల మనిషికి 420, ఒక 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో (సిరంజిలో పెట్టే మందు గొట్టంలో) ఉండేది 36 మిల్లీగ్రాములే. కానీ మనిషి ఓపిక, నోరు తెరిచి పెట్టుకునే దవడ ఓపిక వేరే లెక్క. మన దగ్గర ఒక పక్క పైదీ కిందదీ ఒకసారి, రెండో పక్క కొన్ని వారాలకి తీయడం మామూలు, ఒక పక్కతో నమలొచ్చు కాబట్టి అది నాకు చాలా తెలివైన పద్ధతి అనిపిస్తుంది.

లాఫింగ్ గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి ఇస్తారు. ఈ గ్యాస్‌కీ జ్ఞానదంతానికీ పాత చుట్టరికం ఉంది. హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త తన జ్ఞానదంతం దగ్గర చిగురు వాచినప్పుడు ఈ గ్యాస్ పీలిస్తే నొప్పి తగ్గిందని 1800లోనే రాశాడు, ఆపరేషన్లకి వాడొచ్చేమో అని కూడా అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 44 ఏళ్ళ తర్వాత 1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే డెంటిస్ట్ ఈ గ్యాస్ పీల్చి తన దవడ పన్నునే ఇంకో డెంటిస్ట్‌తో పీకించుకున్నాడు. ఆ కాలంలో శుద్ధమైన గ్యాస్ పీల్చేవాళ్ళు, ఇప్పుడు మామూలుగా సగానికి మించకుండా ఇస్తారు, మిగతాది ఆక్సిజన్.

దీని గొప్పదనం ఏంటంటే గ్యాస్ పొయ్యి నాబ్ తిప్పినట్టు పెంచొచ్చు, తగ్గించొచ్చు, ఆపగానే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. చివర్లో 5 నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇస్తారు, చాలామంది పెద్దవాళ్ళు డాక్టర్ చూసి సరే అన్నాక తమంతట తామే వెళ్ళిపోగలుగుతారు. చేతులు కాళ్ళు తేలిగ్గా, వెచ్చగా, కొంచెం జివ్వుమన్నట్టు ఉంటాయి, డాక్టర్ మాటలు వినిపిస్తూనే ఉంటాయి కానీ ఆ సూది గురించి పట్టింపు ఉండదు. ఇది నిద్ర కాదు, అలా ఆశించి వెళ్తే నిరాశ పడతారు. ముక్కుతో పీల్చాలి కాబట్టి జలుబు చేసి ముక్కు మూసుకుపోతే పనిచేయదు. గర్భం మొదటి మూడు నెలల్లో, ఈమధ్యే కంటి రెటీనా ఆపరేషన్‌లో గ్యాస్ బుడగ పెట్టించుకున్నవాళ్ళకి ఇది వద్దు. ఇంకొకటి మనవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఈ గ్యాస్ ఒంట్లో బీ12 విటమిన్‌ని పనిచేయకుండా చేస్తుంది, శుద్ధ శాకాహారుల్లో బీ12 తక్కువగా ఉండటం మన ఇళ్ళల్లో మామూలే, కాళ్ళు తిమ్మిర్లు ఉండి బీ12 ఇంజెక్షన్లు చేయించుకుంటున్నవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. మన దగ్గర ఈ గ్యాస్ ఎక్కువగా చిన్నపిల్లల డెంటల్ క్లినిక్‌లలో కనిపిస్తుంది, పెద్దవాళ్ళకి ఇస్తారా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

టాబ్లెట్ సెడేషన్ గురించి ఎక్కువ చెప్పను. అమెరికాలో ట్రయాజోలామ్, మిగతా చోట్ల డయాజిపామ్ లాంటివి గంట ముందు వేసుకోమంటారు. చవక, సూది లేదు, కొంచెం భయం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. చిక్కు ఎక్కడంటే ఒకసారి మింగాక చేతిలో ఏమీ ఉండదు, ఒకే మోతాదుకి ఒకరు మామూలుగా కూర్చుంటారు, ఇంకొకరు లేవలేరు, చాలకపోతే ఇంకోటి వేసి మళ్ళీ ఎదురుచూడాలి. డయాజిపామ్ అయితే మర్నాడు కూడా ఒంట్లో ఉంటుంది. ఇంట్లో అమ్మకి నిద్ర కోసం రాసిచ్చిన ఆల్ప్రజోలామ్ ఉంది కదా ఒకటి వేసుకుని వెళ్దాం అనే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి, అది చెప్పకుండా వేసుకుని వెళ్ళి అక్కడ ఐవీ కూడా తీసుకుంటే రెండూ కలిసి ఊపిరి మీద పడతాయి. ముందు రోజు రాత్రి నిద్ర పట్టనంత భయం ఉంటే డాక్టర్‌కి చెప్తే ఆయనే రాసిస్తారు.

ఐవీ సెడేషన్ దగ్గర కొంచెం ఆగాలి, అందరూ కోరుకునేదీ ఇదే, సరిగ్గా అడగనిదీ ఇదే. చేతికి క్యాన్యులా (సన్న గొట్టం) పెట్టి మిడజోలామ్, ఫెంటనిల్, కొన్నిచోట్ల ప్రొపోఫాల్, కెటమిన్ అనే మందులు ఇస్తారు. మిడజోలామ్ ఇచ్చాక జరిగింది గుర్తుండదు, పేషెంటు అప్పుడప్పుడు మనతో మాట్లాడి కూడా తర్వాత ఎప్పుడు మొదలుపెడతారు అని అడుగుతారు, అప్పటికి కుట్లు కూడా అయిపోయి ఉంటాయి. ఇందులో మెట్లు ఉన్నాయి. మధ్యస్థంగా అయితే పిలిస్తే పలుకుతారు, ఊపిరి తమంతట తామే బాగా తీసుకుంటారు. లోతైన మత్తులో అయితే పిలిస్తే పలకరు, ఊపిరి దారి మూసుకుపోతే ఇంకొకరు దవడ ముందుకి లాగి తెరవాల్సి రావచ్చు. ఆ రెంటికీ మధ్య గీత సన్నది, మనిషి తెలియకుండానే ఒక మెట్టు నుంచి కింద మెట్టుకి జారిపోతాడు. అందుకే పేరు కన్నా చూసే మనిషి ముఖ్యం అని నేను గట్టిగా నమ్ముతా.

అమెరికాలో ఓరల్ సర్జన్లకి రెసిడెన్సీలోనే (స్పెషలిస్ట్ శిక్షణలోనే) నెలల తరబడి ఎనస్థీషియా ట్రైనింగ్ ఉంటుంది, వాళ్ళే మత్తు ఇచ్చి వాళ్ళే పన్ను తీసే పద్ధతి ఇక్కడ మామూలు, పక్కన ట్రైన్ అయిన అసిస్టెంట్లు ఉంటారు. పిల్లలకి లోతైన మత్తు ఇచ్చేటప్పుడు మాత్రం పన్ను తీసే డాక్టర్ కాకుండా మత్తు చూసుకోవడానికే అర్హత ఉన్న ఇంకొకరు విడిగా ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లల డెంటిస్టుల అకాడమీ కలిసి 2019లో గైడ్‌లైన్ మార్చాయి. మన దగ్గర ఐవీ అంటే సాధారణంగా మత్తు డాక్టర్‌ని విడిగా పిలిపిస్తారు, అది నిజంగా మంచి అలవాటు, ఖర్చు పెరిగినా వద్దనకండి. అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే అడగండి: మత్తు ఎవరు ఇస్తారు, పన్ను తీసేటప్పుడు నా ఊపిరి చూడటమే పనిగా ఎవరుంటారు, వేలికి పల్స్ ఆక్సిమీటర్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రఫీ ఉందా, ఆక్సిజన్, మందు ప్రభావం తిప్పే ఇంజెక్షన్లు రెడీగా ఉంటాయా. ఆక్సిమీటర్ అంకె పడిపోయేలోపే క్యాప్నోగ్రఫీ గీత ఊపిరి తగ్గిందని చెప్పేస్తుంది, ఆ కొన్ని క్షణాల తేడాకే దాని విలువ. మిడజోలామ్‌కి ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కి నలోక్సోన్ విరుగుడు ఉన్నాయి, ప్రొపోఫాల్‌కి విరుగుడు లేదు. ఈ ప్రశ్నలు అడిగితే విసుక్కునే క్లినిక్ అయితే వేరే చోటు చూసుకోండి.

ఐవీకి వెళ్ళేవాళ్ళు ఖాళీ కడుపుతో ఉండాలి. భారీ భోజనం, నూనె వంటలు అయితే 8 గంటలు, తేలిక టిఫిన్, పాలు అయితే 6 గంటలు, మంచినీళ్ళు అయితే 2 గంటల ముందు వరకు. మనవాళ్ళు ఇక్కడే జారతారు, ఏమీ తినలేదండి కాఫీ తాగాను అంతే అంటారు, పాలు పోసిన కాఫీ మంచినీళ్ళ లెక్కలోకి రాదు, మజ్జిగా రాదు. పెద్దావిడ ఎవరో పిల్లాడు ఖాళీ కడుపుతో నీరసపడతాడని దారిలో ఇడ్లీ పెట్టేస్తారు, ఆ రోజు అపాయింట్‌మెంట్ పోతుంది, పోవాలి కూడా, మత్తులో కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. బరువు తగ్గడానికి, షుగర్‌కి వారానికోసారి ఒజెంపిక్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్ళకి కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, ముందే చెప్పాలి. షుగర్ టాబ్లెట్లు, రక్తం పలచబడే మందులు ఆపాలా వద్దా అనేది మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. చేతికి నల్ల మెహందీ, చిక్కటి నెయిల్ పాలిష్ ఉంటే ఆక్సిమీటర్ సరిగా చూపించకపోవచ్చు, ఒక వేలైనా ఖాళీగా ఉంచుకోండి.

ఇంకో విషయం తల్లిదండ్రులకి. 19, 20 ఏళ్ళ పిల్లల్ని పక్కన అమ్మానాన్న కూర్చుని ఉండగా మందు తాగుతావా, గంజాయి తాగుతావా, వేపింగ్ చేస్తావా అని అడిగితే అందరూ లేదనే అంటారు. క్రమం తప్పకుండా గంజాయి వాడేవాళ్ళకి మామూలు మోతాదు చాలక ఎక్కువ మందు పడుతుంది, పొగ అలవాటున్నవాళ్ళకి గొంతు త్వరగా బిగుసుకుంటుంది, ఇది డాక్టర్‌కి తెలియకపోతే ప్రమాదం. అందుకే ఆ ఫారం నింపే పది నిమిషాలు మీరు బయట కూర్చోండి, పిల్లాడికి అదొక్కటి చేసిపెట్టండి.

జనరల్ ఎనస్థీషియా అంటే పూర్తిగా స్పృహ తీసి, ముక్కులోంచి గొంతులోకి ట్యూబ్ వేసి, మెషిన్‌తో ఊపిరి నడిపించడం. బ్రిటన్‌లో 2001 చివరి నుంచి పళ్ళ కోసం ఇది హాస్పిటల్ బయట ఇవ్వడమే ఆపేశారు. అందరికీ అవసరం లేదు. దవడలో లోతుగా కూరుకుపోయి చుట్టూ పెద్ద సిస్ట్ ఉన్న పన్ను, మానసిక ఎదుగుదల సమస్యలుండి సహకరించలేని పేషెంటు, తీవ్రమైన భయం, వీటికి ఇదే సరి. మన దగ్గర ఇంకో గుంపు ఉంది, ఏళ్ళ తరబడి గుట్కా, వక్క నమిలి నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగుసుకుపోయినవాళ్ళు. వాళ్ళకి మత్తులో ఊపిరి ఆగితే ట్యూబ్ వేయడం చాలా కష్టం, కాబట్టి చిన్న క్లినిక్‌లో ఐవీ అస్సలు వద్దు, అన్ని వసతులున్న హాస్పిటల్‌లో అనుభవం ఉన్న మత్తు డాక్టర్ చేతిలోనే.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే నా అభిప్రాయం చెప్తా. పై పన్ను బయటికి వచ్చి ఉంది, ఒకటే తీయాలి అంటే లోకల్, ఆలోచించనక్కర్లేదు. కింది పన్ను కొంచెం వాలి ఉంది, భయం ఓ మాదిరి అంటే లోకల్, దొరికితే గ్యాస్ కలిపి. నాలుగూ ఎముకలో ఉన్నాయి, ఆరోగ్యం బాగుంది, సెలవులు కొద్ది రోజులే అంటే ఐవీ, పైన చెప్పిన మనుషులూ మెషిన్లూ ఉన్న చోట. 45 ఏళ్ళు, లావు, బీపీ, రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది అని ఇంట్లోవాళ్ళు చెప్తున్నారు అంటే ఐవీ చవకగా వస్తున్నా సరే వద్దు, లోకల్‌లో ఒక్కో పక్క తీయించుకోండి, కాదంటే హాస్పిటల్. గర్భిణులు వాయిదా వేయగలిగితే వేయాలి, తప్పనప్పుడు నాలుగు నుంచి ఆరో నెల మధ్య లోకల్.

డబ్బు సంగతి కూడా చూడాలి కదా. అమెరికాలో బిల్లులో పన్ను తీసే కోడ్ వేరు, మత్తు కోడ్ వేరు: పూర్తిగా ఎముకలో ఉన్న పన్నుకి డి7240, గ్యాస్‌కి డి9230, లోతైన మత్తుకి మొదటి 15 నిమిషాలకి డి9222, తర్వాత ప్రతి 15 నిమిషాలకీ డి9223. అంటే ఎంతసేపు పడితే అంత బిల్లు. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి ఈ నంబర్లు చెప్పి ఒక్కోటి కవర్ అవుతుందా అని అడిగితేనే సరైన జవాబు వస్తుంది, సెడేషన్ కవర్ అవుతుందా అని ఊరికే అడిగితే రాదు. ఇండియా ట్రిప్‌లో చేయించుకుందాం అనుకునేవాళ్ళు మంచి ఆలోచనే కానీ తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకోకండి, వాపు, రక్తం కారడం, డ్రై సాకెట్ (పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి నొప్పి రావడం) లాంటివి మొదటి వారంలోనే వస్తాయి, దిగిన మొదటి వారంలోనే తీయించేసుకోండి. ఖర్చు పెట్టుకోలేనివాళ్ళకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి, లోకల్‌లో తీసేవి అక్కడ రోజూ చేస్తుంటారు, క్యూ ఉంటుంది, చేతులకి అనుభవం మాత్రం బాగా ఉంటుంది.

ఒంటరిగా ఉండే స్టూడెంట్స్‌కి చివరగా ఒకటి. టాబ్లెట్ అయినా ఐవీ అయినా తీసుకెళ్ళడానికి తెలిసిన పెద్దమనిషి ఒకరు వచ్చి, ఆ రాత్రి దగ్గరుండాలి, ఉబర్ ఎక్కించి పంపించరు. 24 గంటలు కారు నడపకూడదు, సంతకాలు పెట్టే పనులు, ఆన్‌లైన్ పరీక్షలు పెట్టుకోకూడదు. రూమ్మేట్‌ని అడగడానికి మొహమాటపడి నా ఫ్రెండ్ బయట ఉన్నాడు అని అబద్ధం చెప్పి, మా క్లినిక్ కింద మెట్ల మీద ఒక్కడే తూలుతూ కూర్చున్న మన అబ్బాయిని చూశాను, నోట్లో దూది గుడ్డ, చేతిలో ఫోను, అన్‌లాక్ చేయడం కూడా రావట్లేదు. తోడు ఎవరూ దొరక్కపోతే సెడేషన్ అడగకండి, లోకల్‌లో ఒక పక్క తీయమనండి, లేదా ఎవరైనా ఖాళీ అయ్యే రోజుకి అపాయింట్‌మెంట్ మార్పించుకోండి, ఫోన్ చేసి అడిగితే మారుస్తారు.